పేటెంటు రాని మందును ఎవరు పరీక్షిస్తారు?

అనంతపురం పల్లెల్లో బిళ్ళగన్నేరును పనిగట్టుకుని పెంచేవాళ్లు తక్కువ. గోడ వారన, బోరింగు పక్కన, గుడి వెనక దానంతటదే మొలుస్తుంది. వాన మొహం చాటేసినా పూస్తూనే ఉంటుంది. చేదు కాబట్టి మేకలు కూడా దాని జోలికి పోవు. 1950ల్లో కెనడాలోని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే ఇద్దరు ఈ ఆకు షుగర్ జబ్బుకు పనికొస్తుందేమోనని పరీక్షించారు. షుగర్ తగ్గలేదు గానీ ఎలుకల రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి. తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే జబ్బే లుకేమియా కాబట్టి వాళ్లకు దారి దొరికింది. ముందు విన్‌బ్లాస్టిన్, తర్వాత అమెరికా కంపెనీ ఎలీ లిల్లీ పరిశోధనల్లో విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందులు ఆ మొక్క నుంచే వచ్చాయి. విన్‌క్రిస్టిన్‌కు అమెరికాలో 1963లో అనుమతి దొరికింది. పిల్లల రక్త క్యాన్సర్‌కు ఇచ్చే కీమోలో ఇప్పటికీ అది ఉంటుంది.

మొక్క మీద ఎవరికీ హక్కు రాలేదు. అందులోంచి వేరుచేసిన పదార్థం మీద మాత్రం కంపెనీకి పేటెంటు వచ్చింది. పేటెంటు అంటే సర్కారుకూ కనిపెట్టినవాడికీ మధ్య కుదిరే ఒక బేరం. కొంతకాలం ఆ వస్తువును వేరేవాళ్లు చేయకుండా, అమ్మకుండా ఆపే హక్కు కనిపెట్టినవాడికి ఉంటుంది. బదులుగా అది ఎలా చేయాలో దరఖాస్తులో విప్పి చెప్పాలి. ఈ రెండో సగాన్ని చాలామంది మరిచిపోతుంటారు. గడువు తీరాక ఆ కాగితాన్ని చదివి ఎవరైనా మందు చేసుకోవచ్చు. ఇప్పుడు ఆ గడువు దరఖాస్తు పెట్టిన రోజు నుంచి 20 ఏళ్లు. మనుషుల మీద పరీక్షలు పూర్తయి, అనుమతి వచ్చి, మందు షాపులోకి వచ్చేసరికి అందులో సగం కరిగిపోవడం మామూలే. మిగిలిన సగంలో పెట్టుబడీ లాభమూ రాబట్టుకోవాలన్న తొందర ధరలో కనిపిస్తుంది.

మన దగ్గర పేటెంటు మాట వస్తే అది ధర దగ్గర మొదలై ధర దగ్గరే ఆగుతుంది. ఆగడంలో తప్పేమీ లేదు. కర్నూలులో జబ్బు తేలితే హైదరాబాదుకు, అనంతపురంలో తేలితే బెంగుళూరుకు, కడపలో తేలితే తిరుపతికో వేలూరుకో పోవడం చాలా కుటుంబాలకు అలవాటైన దారి. దారి ఖర్చులు, లాడ్జి బాడుగలు, తోడు వచ్చినవాళ్ల కూలి పోవడం అన్నీ కలిపితేనే తలకు మించిన భారం. దాని మీద మందు చీటీ. కానీ పేటెంటు చేసే పని ధర పెంచడం ఒక్కటే అయితే ఈ చర్చ తేలికగా ముగిసేది. ఏ ప్రశ్నకు జవాబు వెతకాలో, ఏ ప్రశ్నను పక్కన పడేయాలో కూడా చాలావరకు అదే నిర్ణయిస్తోంది. ఆ సంగతి తర్వాత. ముందు ధర లెక్కే చూద్దాం.

క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు తారుమారవుతాయి. 1960లో ఫిలడెల్ఫియాలో ఆ వింత క్రోమోజోము కంటపడింది. ముక్కలు ఎక్కడి నుంచి ఎక్కడికి మారాయో 1973లో జానెట్ రౌలీ తేల్చారు. ఆ తారుమారు వల్ల పుట్టే ప్రొటీన్‌ను అడ్డుకునే మాత్రే ఇమాటినిబ్. స్విట్జర్లాండ్‌లో కంపెనీ శాస్త్రవేత్తలు అణువును తయారుచేశారు. అది ఈ జబ్బుకు పనిచేస్తుందని పట్టుబట్టి పరీక్షలకు ఒప్పించింది ఓరెగాన్‌లోని డాక్టర్ బ్రయన్ డ్రూకర్. రోగులు తక్కువ, అమ్మకాలు ఉండవేమోనని కంపెనీలో మొదట్లో సందేహించారు. 2001లో అమెరికాలో అనుమతి వచ్చాక ఆ సందేహం ఎగిరిపోయింది. చాలామంది రోగులు దీన్ని రోజూ ఏళ్ల తరబడి వేసుకుంటారు. అంతకుముందు కొన్నేళ్లలో ప్రాణం తీసే జబ్బు, ఇప్పుడు బీపీ మాత్ర వేసుకుంటూ బతికినట్టు బతికే జబ్బయింది.

మన దేశంలో ఈ ఇమాటినిబ్‌ను స్విస్ కంపెనీ నోవార్టిస్ గ్లివెక్ పేరుతో అమ్మేది, ధర నెలకు సుమారు లక్షా 20 వేల రూపాయలు. అయిదెకరాల్లో బుడ్డలు వేసే రైతుకు మంచి పంట పండిన ఏడాది చేతిలో మిగిలేది ఒక్క నెల మాత్రలకు సరిపోతే గొప్ప. అదే మందును హైదరాబాద్ కంపెనీ నాట్కోతో పాటు మరికొన్ని దేశీ కంపెనీలు నెలకు 8 నుంచి 10 వేలకు ఇచ్చాయి. తన మందు వాడేవాళ్లలో అత్యధికులకు ఉచితంగానే ఇస్తున్నామని నోవార్టిస్ చెప్పింది. అది ఉత్త మాట కాదు, నిజంగానే అలాంటి పథకం నడిచింది. అయితే దానం ఇచ్చేవాడి చేతిలో ఉంటుంది. షాపులో పదో వంతు ధరకు దొరికే సరుకు ఎవరి దయతోనూ పనిలేకుండా దొరుకుతుంది.

దేశీ కంపెనీలకు ఆ వీలు ఎక్కడిది? 1959లో జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ ఇచ్చిన నివేదిక దగ్గర ఈ కథకు మొదలుంది. దాని ఆధారంగా వచ్చిన 1970 చట్టం మందు మీద పేటెంటు ఇవ్వలేదు, తయారుచేసే పద్ధతి మీద మాత్రమే ఇచ్చింది. వేరే దారిలో అదే మందు చేస్తే తప్పు లేదు. హైదరాబాద్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చిన కెమిస్టులు పెట్టిన కంపెనీలకు ఊపిరి పోసింది ఆ చట్టమే. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన కల్లం అంజిరెడ్డి వాళ్లలో ఒకరు. ఆ తర్వాత 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం 2005లో మందుల మీద పేటెంటు మళ్లీ మొదలైంది. అప్పుడే పార్లమెంటు సెక్షన్ 3(డి) అనే కంచె కూడా వేసింది. తెలిసిన పదార్థానికే కొత్త రూపం ఇస్తే, ఆ కొత్త రూపం జబ్బు మీద మెరుగ్గా పనిచేస్తుందని రుజువు చేయాలి. లేకపోతే పేటెంటు రాదు. అదే బెల్లాన్ని కొత్త అచ్చులో పోసి కొత్త ధర అడిగితే కుదరదన్నమాట.

నోవార్టిస్ 1998లో చెన్నై పేటెంటు కార్యాలయంలో పెట్టిన దరఖాస్తు ఇమాటినిబ్‌లో ఒక రకం స్ఫటిక రూపం గురించి. ముంబైలోని క్యాన్సర్ పేషెంట్స్ ఎయిడ్ అసోసియేషన్, కొన్ని దేశీ కంపెనీలు దానికి అడ్డు చెప్పాయి. 2006 జనవరిలో చెన్నై కార్యాలయం తిరస్కరించింది. అక్కడి నుంచి సుప్రీంకోర్టు దాకా పోయిన కేసు 2013 ఏప్రిల్ 1న ముగిసింది. కొత్త రూపం ఒంటికి 30 శాతం ఎక్కువగా పడుతుందని కంపెనీ వాదించింది. ఒంటికి ఎక్కువ పట్టడం వేరు, జబ్బును ఎక్కువ నయం చేయడం వేరు అని జస్టిస్ అఫ్తాబ్ ఆలం, జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్ తేల్చారు.

ఈ తీర్పును పేదల గెలుపుగా చెప్పుకుంటారు. చెప్పుకోవచ్చు. కాకపోతే ఒక మెలిక చాలామందికి తెలియదు. ఇమాటినిబ్ అసలు అణువు మీద విదేశాల్లో పేటెంట్లు పెట్టుకున్నది 1990ల మొదట్లో. అప్పటికి మన చట్టంలో మందుకు పేటెంటే లేదు. కాబట్టి కంపెనీ చేతిలో మిగిలింది స్ఫటిక రూపం ఒక్కటే, దాన్ని 3(డి) ఆపింది. 1995 తర్వాత పుట్టిన అణువులకు ఈ అదృష్టం లేదు, అసలు అణువుకే ఇక్కడ పేటెంటు వస్తుంది. ఇమాటినిబ్ పట్టనివాళ్లకు ఇచ్చే డాసాటినిబ్ సంగతే చూడండి. దానికి మన దేశంలో పేటెంటు ఉండింది. దాని జెనరిక్, అంటే అదే మందుకు చౌక నకలు, చేసుకుంటామని ఒక కంపెనీ కంపల్సరీ లైసెన్సు అడిగితే 2013లో కాదన్నారు. 2020లో గడువు తీరేదాకా ఆగాల్సి వచ్చింది.

కంపల్సరీ లైసెన్సు అంటే పేటెంటు ఉన్నా సరే వేరేవాళ్లు చేసుకోవచ్చని సర్కారు ఇచ్చే అనుమతి. దేశంలో మొదటిది వచ్చింది కూడా క్యాన్సర్ మందుకే. కాలేయం, కిడ్నీ క్యాన్సర్లకు వాడే సొరాఫెనిబ్‌ను జర్మన్ కంపెనీ బేయర్ నెలకు 2,80,428 రూపాయలకు అమ్మేది. 2012 మార్చిలో నాట్కోకు లైసెన్సు ఇచ్చి ధర 8,800 రూపాయలుగా కట్టారు. అమ్మకాల మీద 6 శాతం రాయల్టీ బేయర్‌కు ఇవ్వాలన్నారు, తర్వాత దాన్ని 7 శాతం చేశారు. ఆ తర్వాత మరో క్యాన్సర్ మందుకు ఇలాంటి లైసెన్సు రాలేదు. చట్టంలో కత్తి ఉంది గానీ ఒరలోంచి ఒకసారే బయటికొచ్చింది.

పేటెంటు పోగానే ధర పడిపోతుందనే లెక్క మాత్రలకు నప్పినంతగా కొత్త ఇంజెక్షన్లకు నప్పదు. రొమ్ము క్యాన్సర్‌లో హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువున్న రకానికి ఇచ్చే ట్రాస్టుజుమాబ్ వంటివాటిని ఫ్యాక్టరీలో రసాయనాలు కలిపి చేయరు, బతికున్న కణాల్లో పెంచుతారు. ఒకే పాలు, ఒకే తోడు వేసినా పెరుగు రుచి ఇంటింటికీ మారుతుంది గదా. ఇదీ అంతే. అందుకే వీటి నకళ్లను జెనరిక్ అనరు, బయోసిమిలర్ అంటారు. అసలుకు సరితూగుతుందని మళ్లీ పరీక్షలు చేసి చూపించాలి, దానికి డబ్బూ కాలమూ కావాలి. 2013లో ట్రాస్టుజుమాబ్ అసలు కంపెనీ రోష్ ఇక్కడ తన పేటెంటును వదులుకుంది. మరుసటి ఏడాది మొదట్లో దేశీ కంపెనీ బయోకాన్ బయోసిమిలర్ వచ్చినప్పుడు 440 మిల్లీగ్రాముల సీసా 57,500 రూపాయలు. అసలు కంపెనీ ధర 75,000. ఇమాటినిబ్‌లో పదో వంతుకు పడిన ధర ఇక్కడ మొదటి దెబ్బకు నాలుగో వంతు కూడా దిగలేదు. పోటీ పెరిగాకే ఇంకా దిగింది.

ఇక పక్కన పెట్టిన సంగతికి వద్దాం. పేటెంటు పరిశోధనను పెంచుతుందా అని అడిగితే పెంచుతుందనే చెప్పాలి. వేలమంది మీద పరీక్షలకు అయ్యే ఖర్చును ఊరికే పెట్టేవాళ్లు ఉండరు. ఏ రకం పరిశోధనను పెంచుతుంది అని అడిగితేనే తేడా బయటపడుతుంది.

రాయలసీమలో గుట్కా, ఖైనీ నమలని ఊరు వెతికితే దొరకదు. బస్టాండులో నిలబడితే చాలు, లెక్కలు అక్కర్లేదు. నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ ముదిరి, ఆపరేషన్‌కు లొంగని దశలో వచ్చే రోగికి కొత్త తరం మందు నివోలుమాబ్. ఒంటిలోని రక్షణ కణాలకు క్యాన్సర్ వేసిన బ్రేకును ఇది తీసేస్తుంది. ఆ బ్రేకును కనిపెట్టిన తసుకు హోంజోకు, అలాంటిదే మరో బ్రేకు మీద పనిచేసిన జేమ్స్ ఆలిసన్‌కు 2018లో నోబెల్ వచ్చింది. మామూలుగా ఒక్కో విడతకు 240 మిల్లీగ్రాములు ఇస్తారు. ఆ ఖర్చు మన దేశంలో నూటికి ఒకరిద్దరు తప్ప భరించలేనిది. ముంబైలోని టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి డాక్టర్లు ఒక మొరటు ప్రశ్న వేశారు. అంత మందు నిజంగా కావాలా? రక్షణ కణాల మీదున్న ఆ బ్రేకులన్నింటినీ పట్టి ఆపడానికి ఈ రకం మందు కొద్ది మోతాదే చాలని ముందే ఆధారాలున్నాయి. మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములే ఇచ్చి, దానికి చౌక మాత్రలు మూడు జోడించారు. మాత్రలు మాత్రమే వాడినవాళ్లలో ఏడాది తర్వాత బతికున్నవాళ్లు 16.3 శాతం. చిన్న మోతాదు ఇంజెక్షన్ కలిపినవాళ్లలో 43.4 శాతం. 2022లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ మూడు మాత్రల్లో ఒకటి మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ల్యాబులో 1940ల్లో తయారైన మందు అది.

పన్నెండో వంతు మందు చాలునేమో అని పరీక్షించడానికి ఆ మందు అమ్మే కంపెనీ డబ్బు పెడుతుందా? పెట్టదు. పెట్టకపోవడం దుర్మార్గం కూడా కాదు, ఏ షాపువాడూ తన సరుకు తక్కువ కొనమని ప్రచారం చేసుకోడు. మన చట్టంలో వైద్యం చేసే పద్ధతికి పేటెంటు రాదు కాబట్టి ఈ ఆలోచనతో వేరే ఎవరికీ లాభం లేదు. డబ్బు పెట్టాల్సింది ప్రభుత్వం, ట్రస్టులు, ప్రజల సొమ్ముతో నడిచే ఆసుపత్రులు. పెట్టకపోతే ఆ ప్రశ్న పుట్టదు.

లిడోకేయిన్ సంగతీ అంతే. పన్ను పీకేటప్పుడు మత్తుకు వేసే ఇంజెక్షన్. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌కు కొద్ది నిమిషాల ముందు గడ్డ చుట్టూ ఇది వేస్తే ఏమవుతుందో టాటా మెమోరియల్ ఆధ్వర్యంలో సుమారు 1,600 మంది మీద చూశారు. అయిదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు వేయనివారిలో 86.4 శాతం, వేసినవారిలో 90.1 శాతం. దాదాపు నాలుగు శాతం తేడా. కోట్ల ఖర్చుతో వచ్చే కొత్త మందు ఇంత తేడా చూపిస్తే ప్రపంచమంతా పండగ చేసుకుంటుంది. ఇది మాత్రం వందలోపు రూపాయల పని. దీన్ని ఊరూరా తిరిగి డాక్టర్లకు చెప్పే మెడికల్ రెప్ లేడు. ఏ ఆసుపత్రిలో చేస్తున్నారో, ఎక్కడ చేయట్లేదో అడిగే రోగీ లేడు.

అంతకన్నా చౌకది పలచని వెనిగర్. గర్భాశయ ముఖద్వారానికి దాన్ని పూస్తే తేడా ఉన్నచోట తెల్లబడుతుంది. మామూలు శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ముంబై మురికివాడల్లో ఇలా పరీక్షలు చేశారు. లక్షన్నర మంది ఆడవాళ్లను పన్నెండేళ్లు గమనిస్తే ఆ క్యాన్సర్ చావులు 31 శాతం తగ్గాయి. కడప జిల్లా పీహెచ్‌సీలో ఏఎన్‌ఎం చేయగలిగిన పని ఇది. చేయించడానికి కావాల్సింది కొత్త ఆవిష్కరణ కాదు, మనుషులు, బల్ల, తెర, చెప్పి ఒప్పించే ఓపిక.

కడప అంటే పసుపు గుర్తొస్తుంది, మైదుకూరు పేరే ఒక పసుపు రకానికి ఉంది. పసుపుతో గాయాలు మానతాయని 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు ఇచ్చారు. మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ పాత గ్రంథాలు, 1953లో భారత వైద్య సంఘం పత్రికలో వచ్చిన వ్యాసం చూపించి 1997లో దాన్ని రద్దు చేయించింది. అది గర్వపడాల్సిన గెలుపే. అయితే దాని నీడ కూడా చూడాలి. పసుపులోని కర్‌క్యుమిన్ ల్యాబులో క్యాన్సర్ కణాల మీద పనిచేసినట్టు కనిపిస్తుంది. నోట్లో వేసుకుంటే మాత్రం రక్తంలోకి చేరేది చాలా కొద్ది. మనుషుల్లో అది పనిచేస్తుందా లేదా అని గట్టిగా తేల్చాలంటే పెద్ద పరీక్షలు కావాలి, అందరి సొత్తయిన వస్తువు మీద అంత డబ్బు పెట్టే కంపెనీ ఉండదు. తేలని ఆ ఖాళీలోకి వాట్సాప్ దూరుతుంది. పసుపు, సీమచింతకాయ, లక్ష్మణఫలం అంటూ వచ్చే ఫార్వర్డులు నమ్మి కీమో మధ్యలో ఆపేసేవాళ్లు ప్రతి జిల్లాలో ఉన్నారు. ఇదీ పేటెంటు విధానం వేసిన పరోక్ష జరిమానాయే.

మరి మన కాలేజీల సంగతి? అనంతపురం, కడప, కర్నూలు ఇంజినీరింగ్, ఫార్మసీ కాలేజీల్లో ఈ మధ్య పేటెంటు మాట బాగా వినిపిస్తోంది. ర్యాంకుల్లో, కాలేజీల నాణ్యతను తూచే నాక్ సంస్థ గ్రేడుల్లో మార్కులుంటాయి కాబట్టి. విద్యాసంస్థలకు ఫీజు 80 శాతం తగ్గిస్తూ 2021లో నిబంధన కూడా వచ్చింది. శాలువా కప్పించుకుని, ‘పేటెంట్ పబ్లిష్ అయింది’ అని పేపర్లో ఫొటో వేయించుకునే అధ్యాపకులను చూస్తుంటాం. దరఖాస్తు పెట్టిన 18 నెలలకు అది దానంతటదే పబ్లిష్ అవుతుంది, కొంచెం ఫీజు కడితే ఇంకా ముందే అవుతుంది. దాన్ని పరీక్షకుడు చదవడం, అభ్యంతరాలు చెప్పడం, పేటెంటు ఇవ్వడమో కాదనడమో అసలు కథ. పెళ్లిచూపులకు పోయొచ్చి పెళ్లయిందని చెప్పుకున్నట్టుంది ఇది. కర్నూలుకు స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మంజూరైంది. తుంగభద్ర ఇటువైపు నుంచి అటువైపు నుంచి వచ్చే నోటి క్యాన్సర్ రోగుల వివరాలు పద్ధతిగా రాసి, చిన్న మోతాదు మందులు ఇక్కడివాళ్లకు ఎలా పడుతున్నాయో చూస్తే అదే ఒక పరిశోధన. దానికి శాలువా రాదు, పేటెంటూ రాదు.

ధర విషయంలో పేటెంటును మాత్రమే నిందించడం కూడా సరికాదు. గడువు తీరిన జెనరిక్ మీద అచ్చేసే ఎంఆర్‌పీకి, షాపువాడికి పడే ధరకు మధ్య అంతరం చాలా ఎక్కువగా ఉంటుంది. 2019లో కేంద్రం 42 క్యాన్సర్ మందుల మీద వ్యాపార లాభాన్ని 30 శాతానికి కట్టడి చేసింది. నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ అనే కూటమిలోని ఆసుపత్రులు కలిసి 40 మందులను ఒకే బేరంగా కొంటే కొన్నింటి ధర 99 శాతం దాకా తగ్గింది. 2024 బడ్జెట్‌లో ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్, ఓసిమెర్టినిబ్, డుర్వాలుమాబ్ అనే మూడు మందులకు దిగుమతి సుంకం తీసేశారు. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ చేతుల మీదుగా వచ్చిన, రోగి రక్షణ కణాలనే మార్చి క్యాన్సర్ మీదికి వదిలే కార్‌-టి చికిత్సకు 2023లో అనుమతి దొరికింది. అమెరికాలో అలాంటిదానికి అయ్యే ఖర్చులో చిన్న వంతుకే దొరుకుతోందన్నారు, నిజమే. ఆ చిన్న వంతు కూడా పదుల లక్షల్లో ఉంది.

అటు కంపెనీల వైపు నుంచి పాత ఎత్తులు కొత్తగా వస్తూనే ఉన్నాయి. ప్రపంచంలో ఎక్కువగా అమ్ముడుపోయే క్యాన్సర్ మందు కీట్రూడా అసలు పేటెంటు అమెరికాలో 2028లో ముగుస్తుంది. నరంలోకి సెలైన్‌లా ఎక్కించే ఆ మందును చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇచ్చే రూపానికి 2025లో అనుమతి వచ్చింది. రోగికి ఆసుపత్రిలో గడిపే సమయం తగ్గుతుంది, అది చిన్న మేలు కాదు. కంపెనీకి కొత్త పేటెంట్లతో కొత్త ఏళ్లు దొరుకుతాయి. ఇలాంటివి ఇక్కడికి వచ్చినప్పుడు 3(డి) కింద నిలబడతాయా లేదా అన్నది దరఖాస్తు దరఖాస్తుకూ తేలాల్సిందే.

తేల్చే కార్యాలయాల్లో ఒకటి చెన్నైది, ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులు పోయేదీ అక్కడికే. పేటెంటు ఇవ్వకముందు దాని మీద అభ్యంతరం చెప్పే హక్కు కంపెనీలకే పరిమితం కాదు, ఎవరైనా చెప్పొచ్చు. గ్లివెక్ కేసులో రోగుల సంఘం వాడుకున్నది ఆ హక్కునే. 2024లో మార్చిన నిబంధనలు దానికి ఫీజు పెట్టాయి, అభ్యంతరం నిలబడేదా కాదా అని ముందే వడపోసే వీలూ కల్పించాయి. పబ్లిష్ అయిన దరఖాస్తులన్నీ ప్రతి శుక్రవారం పేటెంటు కార్యాలయం జర్నల్‌లో వస్తాయి. కడపలో కూర్చుని ఫోన్‌లోనే ఉచితంగా చదవొచ్చు. చదివేవాళ్లు మాత్రం ఎక్కువగా కంపెనీల లాయర్లే.